లాబ్రడార్‌తో హైడ్రోలైజ్డ్ డాగ్ ఫుడ్: 75 రోజులు పెట్టి చూశాక

ముందుగా ఒక మాట. ఈ ఫుడ్, అంటే ప్రోటీన్‌ని ముందే చిన్న ముక్కలు చేసి తయారుచేసిన తిండి, కొని గిన్నెలో పోస్తే దురద తగ్గిపోతుంది అనుకునేవాళ్ళు దయచేసి కొనకండి, డబ్బులు వృథా అవుతాయి. మీ కుక్కకి ఏ తిండి పడట్లేదో కనుక్కోవడానికి చేసే పరీక్ష ఇది, అది కూడా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ కలిసి చెయ్యాల్సిన పరీక్ష. ఈ సంగతి నాకు ఎవరైనా ముందే కూర్చోబెట్టి చెప్పి ఉంటే మా జున్ను ఏడాదిన్నర పాటు రాత్రంతా గోక్కుంటూ గడిపేది కాదు. అందుకే వివరంగా రాస్తున్నా, కొంచెం పొడవైనా చదవండి.

జున్ను మా లాబ్రడార్. ఆడది, నాలుగేళ్ళు, బరువు 30 కిలోలు. తెచ్చిన రోజు ముంతలో జున్ను రంగులో ఉందని మా పాప పెట్టిన పేరు అది. ఉండేది తిరుపతిలోనే. రెండున్నరేళ్ళ వయసు వరకు దానికి ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ముందు కాళ్ళు నాకడం మొదలైంది. మొదట్లో మేం పట్టించుకోలేదు, కుక్కలన్నాక కాళ్ళు నాక్కుంటాయిలే అనుకున్నాం. నాలుగు నెలలకి వేళ్ళ మధ్య వెంట్రుకలు తుప్పు పట్టినట్టు ఎర్రగా అయిపోయాయి. చెవులు పుల్లటి పిండి వాసన. చంకల్లో వెంట్రుకలు పోయి చర్మం నల్లబడింది. రోజుకి నాలుగైదు సార్లు విరోచనం, అది కూడా గట్టిగా ఉండదు. వెనక భాగం నేలకేసి రాసుకుంటూ హాలంతా జరిగేది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని తేడా లేదు, ఏడాది పొడవునా అంతే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, కాలంతో సంబంధం లేకుండా దురద ఉంటే తిండిని అనుమానించాలని తర్వాత డాక్టర్ చెప్పారు.

మేం చేసినవన్నీ మీరూ చేసే ఉంటారు. వేపనూనె రాశాం. పసుపు పెట్టాం. షాంపూలు మార్చాం. పిడుదుల మందు వేయించాం. ఒకచోట ఇంజెక్షన్ వేస్తే పది రోజులు బ్రహ్మాండంగా ఉండేది, పదకొండో రోజు నుంచి మళ్ళీ మామూలే. అలా మూడుసార్లు ఇంజెక్షన్ అయ్యాక మా ఆవిడ ఇక వద్దంది, ఆమె అన్నదే రైటు.

తర్వాత ఒక పెట్ షాపులో సెన్సిటివ్ స్కిన్‌కి అని చెప్పి ల్యాంబ్ అండ్ రైస్ బస్తా ఒకటి చేతిలో పెట్టారు. బస్తా ముందు గొర్రె బొమ్మ, పెద్ద అక్షరాల్లో ల్యాంబ్. రెండు నెలలు అదే పెట్టాం, చుక్కంత మార్పు లేదు. ఒకరోజు బస్తా ఖాళీ అయ్యాక మడిచి పారేసేముందు వెనక వైపు చదివా. చిన్న అక్షరాల్లో వరసగా రాసి ఉంటుంది కదా, ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు. మొదటి పేరు బియ్యం, రెండోది చికెన్ మీల్ (ఎండబెట్టిన కోడి పొడి), ఆ తర్వాత మొక్కజొన్న, పౌల్ట్రీ ఫ్యాట్, ఐదో పేరు ల్యాంబ్ మీల్. గొర్రె పేరు చెప్పి రెండు నెలలు మళ్ళీ కోడినే పెట్టాం దానికి. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ షాపుని, ఆ కంపెనీని ఇక్కడ రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే వెనక నిజమే రాశారు, చదవనిది నేను. కానీ మీరు మాత్రం బస్తా ముందు వైపు చూసి కొనకండి, తిప్పి చదవండి.

చివరికి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తిరుపతిలో ఉండి కూడా ముందే అక్కడికి వెళ్ళకపోవడం మా పొరపాటు. 1955 నుంచి ఉన్న కాలేజీ, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక అందులో భాగమైంది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆవుల్ని, మేకల్ని, కుక్కల్ని అన్నిటినీ అక్కడికే తెస్తారు. పొద్దున్నే వెళ్ళండి. డాక్టరమ్మ జున్ను చర్మం మీద బ్లేడుతో మెల్లగా గీకి పురుగులు ఉన్నాయేమో చూశారు, కాలి వేళ్ళ మధ్య టేపు అంటించి తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. పురుగులు లేవు, ఈస్ట్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ ఉంది. ముందు దానికి, చెవికి మందులు రాసి, అది తగ్గాకే తిండి సంగతి మొదలుపెడదాం అన్నారు. ఇన్ఫెక్షన్ ఉండగా తిండి మారిస్తే ఏది దేనివల్ల తగ్గిందో తెలియదు కదా. వెంట్రుకలు పంపిస్తే, లాలాజలం పంపిస్తే అలర్జీ చెప్పేస్తామనే టెస్టులు నేనూ అడిగా. వాటిని నమ్మలేం, తిండి మార్చి చూడటం ఒక్కటే దారి అని తేల్చి చెప్పారు.

అందులో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, కుక్క జన్మలో ఎప్పుడూ తినని మాంసం ఒకటి, పిండి పదార్థం ఒకటి ఎంచుకుని ఇంట్లోనే వండి పెట్టడం. మా ఇంట్లో ఇది కుదరలేదు. జున్ను తినని మాంసం ఏదో చెప్పండి అంటే మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. కోడి తింది, గుడ్డు తింది, మటన్ బొమికలు తింది, ఆదివారం చేపల తలకాయలు తింది, పాలు పెరుగు సరే సరి. కుందేలు మాంసం తిరుపతిలో ప్రతివారం ఎక్కడ తెస్తాం? ఇక మిగిలింది రెండోది, హైడ్రోలైజ్డ్ ఫుడ్. మీ కుక్కకి చేప ఎప్పుడూ పెట్టి ఉండకపోతే మాత్రం చేప, చిలగడదుంపతో ఇంట్లోనే చేసే వీలుందేమో డాక్టర్ని అడగండి, ఖర్చు బాగా తగ్గుతుంది. పరీక్ష జరిగే ఎనిమిది వారాలకు అది సరిపోతుంది కానీ అదే ఎప్పటికీ పెట్టాలంటే కాల్షియం లాంటివి కలిపి లెక్క ప్రకారం చెయ్యాలి.

హైడ్రోలైజ్డ్ అంటే ఏంటో నాకు అర్థమైనంతలో చెప్తా. అలర్జీ వచ్చేది సాధారణంగా ప్రోటీన్‌కి. ఒంట్లో కాపలా కాసే కణాలు కోడి ప్రోటీన్‌ని శత్రువు అని ఒకసారి గుర్తుపెట్టుకున్నాక, అది మళ్ళీ లోపలికి వచ్చిన ప్రతిసారీ గోల చేస్తాయి, ఆ గోలే దురద. అయితే ఆ కణాలు అలారం కొట్టాలంటే ప్రోటీన్ గొలుసు కొంచెం పొడవుగా ఉండి రెండు చోట్ల చేతికి చిక్కాలి. ఎంజైములతో ఆ గొలుసుని చిన్న చిన్న ముక్కలుగా తెగ్గొడితే రెండు చేతులకి చిక్కేంత పొడవు ఉండదు, సాధారణంగా అలారం మోగదు, కడుపుకి మాత్రం పోషణ అందుతుంది. ఇలాంటి ఫుడ్ రెండు మూడు పెద్ద కంపెనీలకి ఉంది. రాయల్ కానిన్ వాళ్ళ హైపోఅలర్జెనిక్‌లో సోయా ప్రోటీన్‌ని ఇలా ముక్కలు చేస్తారు, ఫార్మినా వాళ్ళ అల్ట్రాహైపోలో చేపని, హిల్స్ వాళ్ళ జెడ్ డి లో కోడి లివర్‌ని. వీటిలో నేను ఏది వాడానో కావాలనే రాయడం లేదు. మీ కుక్క ఇదివరకు ఏం తిన్నదో చూసి డాక్టర్ రాయాల్సిన తిండి ఇది, నా రివ్యూ చూసి కొనాల్సింది కాదు.

ఇక ఖర్చు. గుండె రాయి చేసుకోండి. జున్నుకి రోజుకి 350 గ్రాములు. ఎనిమిది వారాలంటే 56 రోజులు, అంటే దాదాపు 20 కిలోలు. మాకు కిలో వెయ్యి రూపాయలకి తగ్గలేదు. అంటే మామూలుగా పరీక్ష జరిగితే 20 వేలు. మాకు మామూలుగా జరగలేదు, ఆ సంగతి కింద చెప్తా. ఆ తర్వాత పాత తిండి ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూసిన రోజులతో కలిపి మొత్తం నాలుగు 10 కిలోల బస్తాలు పట్టాయి. మధ్యతరగతి ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు, మేం కూడా పండగ బట్టలు మానుకుని కొన్నాం. కానీ అంతకుముందు ఏడాదిన్నరలో మందులకి, షాంపూలకి, పనికిరాని బస్తాలకి పోసింది లెక్క వేస్తే అంతకన్నా తక్కువేం కాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మొదట అడిగిన షాపులో, "బస్తా ఎందుకన్నా, ముందు రెండు కిలోలు లూజుగా తీస్కపోండి, తింటుందో లేదో చూడండి" అన్నాడు అక్కడి పిల్లాడు, మంచి మనసుతోనే. అతని చేతిలో ఉన్న గరిటె అప్పుడే పక్కనున్న చికెన్ ఫుడ్ డబ్బాలోంచి తీసింది. ఆ గరిటెకి అంటిన పొడి చాలు, మీ 20 వేల పరీక్ష పాడు కావడానికి. లూజు ఫుడ్ అస్సలు కొనకండి. ఇంకో షాపాయన డాక్టర్ చీటీ అడిగి, ఫోటో తీసుకుని, చెన్నై నుంచి సీలు బస్తా తెప్పించాడు. నాలుగు రోజులు పట్టింది. తారీఖు చూపించి, నా ముందే తూకం వేసి ఇచ్చాడు. అలాంటి వాళ్ళ దగ్గర వంద ఎక్కువైనా ఇవ్వొచ్చు. మామూలు షాపుల్లో చీటీ లేకుండా దొరికే లిమిటెడ్ ఇంగ్రీడియెంట్ ఫుడ్లు, అంటే ఒకటి రెండు సరుకులతోనే చేశామని చెప్పేవి, ఈ పరీక్షకి ఎందుకు పనికిరావంటే, లేబుల్ మీద లేని మాంసం ఆనవాళ్ళు అలాంటి వాటిలో దొరికాయని పరీక్షించిన వాళ్ళు రాశారు. ఒకే మిషన్‌లో అన్ని రకాలూ చేస్తే అలాగే అవుతుంది మరి.

ఫుడ్ గురించి చెప్పాలంటే, గింజలు చిన్నవి, లేత గోధుమ రంగు, చేతిలోకి తీసుకుంటే నూనె అంటుతుంది. వాసన మామూలు డాగ్ ఫుడ్ అంత ఘాటుగా ఉండదు, పాతబడిన ఉప్పుడు పిండి వాసనలా ఉంటుంది, కొంచెం చేదు కూడా ఉంటుందట. కొన్ని కుక్కలు మొదట మొహం తిప్పుకుంటాయని విన్నా. జున్నుతో ఆ బాధ లేదు, గిన్నె పెట్టిన నిమిషంలో ఖాళీ. అసలు లాబ్రడార్‌ల ఆకలి గురించి 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక విషయం బయటపెట్టారు. దాదాపు నాలుగింట ఒక లాబ్‌లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందట, వాటికి కడుపు నిండిన కబురు మెదడుకి సరిగ్గా అందదు. మన లాబ్ ఎప్పుడూ ఆకలి ఆకలి అని చూస్తుంటే అది పొగరు కాదు, తిండిపోతుతనం అని తిట్టడానికీ లేదు, దాని ఒళ్ళే అలా తయారై ఉండొచ్చు. ఈ పరీక్షలో అసలు కష్టం కూడా అక్కడే. ఎవరు ఏం పడేసినా పట్టేస్తుంది.

మొదటి వారం పాత ఫుడ్ తగ్గిస్తూ కొత్తది పెంచుకుంటూ వెళ్ళాం. విరోచనం ఇంకొంచెం పల్చబడింది, కంగారు పడ్డాం, వారంలో సర్దుకుంది. ఇది తప్ప నోట్లోకి మంచినీళ్ళే వెళ్ళాలి అన్నారు డాక్టరమ్మ. బిస్కెట్ లేదు, బొమిక లేదు, అన్నం మెతుకు లేదు, నెయ్యి నాకడం లేదు, పిల్లలు తినేసి వదిలిన ప్లేటు నాకడం లేదు. ప్రతి నెలా ఇచ్చే పిడుదుల మాత్ర మాంసం రుచితో ఉంటుంది కదా, అది కూడా మాన్పించి మెడ మీద పోసే మందు రాశారు. నేనైతే ఆ మాత్ర సంగతి జన్మలో ఆలోచించి ఉండేవాణ్ణి కాదు. ట్రీట్ల కోసం మా పాప ఒక ఉపాయం చేసింది. పొద్దున్నే 350 గ్రాములు తూచి అందులోంచి ఒక గుప్పెడు తన పాత స్టీలు టిఫిన్ డబ్బాలో వేసి మూత పెట్టేది. రోజంతా షేక్‌హ్యాండ్ ఇచ్చినా, కూర్చోమంటే కూర్చున్నా ఆ డబ్బాలోంచే ఒక గింజ. డబ్బా మూత చప్పుడు వింటే చాలు, జున్నుకి అదే పండగ. అదే గింజ గిన్నెలో కూడా ఉందని దానికి తెలియదు పాపం.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం, రోజుకో గడి. ఎన్నిసార్లు కాళ్ళు నాకింది, విరోచనం ఎన్నిసార్లు, రాత్రి పడుకుందా లేదా. 18 గడులు నిండాయి.

19వ రోజు ఇంటికి బంధువులు వచ్చారు, కొండకి వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చారు. తిరుపతిలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఏ నెలలోనైనా ఎవరో ఒకరు లడ్డూ తెచ్చి పెడతారు, ప్రసాదం వద్దనకూడదు, కింద పడకూడదు. వాళ్ళతో వచ్చిన చిన్నబాబు కళ్ళకద్దుకుని తిన్నాడు, చేతిలో మిగిలిన ముక్క జున్నుకి పెట్టాడు. పిల్లవాడి తప్పేం లేదు, మాకు పెట్టారు కాబట్టి కుక్కకీ పెట్టాలనుకున్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. పరీక్ష పాడైందని కాదు, లడ్డూలో ఎండు ద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడు చేస్తాయి, ఎంత తింటే ప్రమాదం అనేది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొంచెమే కదా అని ఊరుకోవడానికి లేదు. ఆ ముక్కలో ద్రాక్ష ఉందో లేదో ఎవరూ చూడలేదు. వెంటనే బండెక్కించి దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే వాంతి చేయించారు, రెండు రోజులాగి రక్తపరీక్ష చేశారు, అంతా బాగుంది. కుక్క ఉన్న ప్రతి తిరుపతి ఇంట్లోనూ ఈ విషయం తెలిసి ఉండాలి. ఈ రివ్యూలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం పక్కింటి వాళ్ళకి కూడా చెప్పండి.

లడ్డూలో నెయ్యి ఉంది, శనగపిండి ఉంది, కాబట్టి లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలన్నారు. ఎనిమిది వారాలే ఎందుకు, నెల చాలదా అని నేను బేరం ఆడాను కూడా. నెలకి తగ్గేవి కొన్ని ఉన్నాయి, అయిదు వారాలకి నూటికి 80 కుక్కల్లో తేడా కనబడుతుంది, ఎనిమిది వారాలు ఆగితే 90కి పైగా, తొందరపడి ఆపేస్తే ఆ మిగతా వాటిలో మీ కుక్క ఉంటే ఏం చేస్తారు అన్నారు. ఇక మాట్లాడలేదు. అలా 19కి 56 కలిపి 75 రోజులు.

రెండో విడతలో మూడో వారానికి విరోచనం రోజుకి రెండుసార్లకి దిగింది, గట్టిగా. అయిదో వారంలో కాళ్ళు నాకడం సగానికి సగం తగ్గింది, వేళ్ళ మొదట్లో తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి, పైన ఎరుపు, కింద తెలుపు, గీత గీసినట్టు. ఆ గీత వారం వారం పైకి జరుగుతుంటే మా పాప స్కేలు పెట్టి కొలిచేది. ఆరో వారం ఒకరోజు అర్ధరాత్రి నాకు ఎందుకో మెలకువ వచ్చింది. ఏం చప్పుడూ లేదు. జున్ను మెడ పట్టీకి చిన్న గంట ఉంటుంది, గోక్కున్నప్పుడల్లా అది మోగుతూ ఉండేది, ఏడాదిన్నరగా ఆ గంట చప్పుడులోనే మేం నిద్రపోయేవాళ్ళం. లేచి వెళ్ళి చూస్తే తలుపు దగ్గర నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుని ఉంది. మా ఆవిడని లేపి చూపించా.

గంగమ్మ జాతర మే నెలలో సరిగ్గా ఈ మధ్యలో వచ్చింది. మన ఊళ్ళో జాతర వారం ఎలా ఉంటుందో తెలుసు కదా, ప్రతి ఇంట్లో కోడి, వేట, వీధి మూలల్లో బొమికలు, ఇంటి నిండా చుట్టాలు. ఆ వారమంతా జున్నుని తెల్లవారుజామున నాలుగున్నరకే బయటికి తిప్పి తెచ్చేవాణ్ణి, మూతికి బుట్టలాంటి మజిల్ కట్టి. మా అవ్వ చూసి, "ఎద్దుకి చిక్కం కట్టినట్టు కట్టినావే, దాని ఉసురు తగుల్తుందిరా" అని నొచ్చుకుంది. నాకూ బాధగానే ఉండింది. కానీ బుట్ట మజిల్ అయితే నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు, గుడ్డతో బిగించి కట్టే రకం మన ఎండలకి అస్సలు వద్దు.

అవ్వ గురించి చెప్పాలి. జున్నుకి దురద మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో అందరం ఆమె మీదే పడ్డాం. సాయంత్రం తను తినే పెరుగన్నంలోంచి నాలుగు ముద్దలు జున్నుకి పెట్టడం ఆమెకి మూడేళ్ళ అలవాటు. పాలు పెరుగు కుక్కలకి పడవంట, నువ్వే పెడుతున్నావు, నీవల్లే అని నేనే చాలాసార్లు గట్టిగా మాట్లాడాను. పరీక్ష మొదలైన రోజు నుంచి ఆమె జున్ను కనబడకుండా వంటింట్లో తలుపేసుకుని తినేది.

75 రోజులు అయ్యాక ఛాలెంజ్ అని ఒకటి ఉంటుంది. చాలామంది కుక్కకి నయమైంది కదా అని ఇక్కడ ఆపేస్తారు, అదే పెద్ద తప్పు. అసలు తిండి వల్లే తగ్గిందా, ఏ తిండి వల్ల వచ్చింది అనేది పాత తిండి ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఒక్కోదానికి రెండు వారాలు. పడని తిండి అయితే ఆ లోపలే చాలా వరకు బయటపడుతుంది. చేత్తో నయం చేసిన దురదని మళ్ళీ చేత్తోనే తేవడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ ఇది చెయ్యకపోతే జీవితాంతం కిలో వెయ్యి రూపాయల ఫుడ్డే గతి.

ముందు కోడి. ఉప్పు, నూనె లేకుండా ఉడకబెట్టి, రోజుకి రెండు చిన్న ముక్కలు. మొదటి మూడు రోజులు ఏం లేదు. నాలుగో రోజు సాయంత్రం కుడి ముందు కాలు నాకడం మొదలుపెట్టింది. అయిదో రోజు పొద్దున చెవి లోపల ఎర్రగా, వేడిగా. ఆపేశాం. పూర్తిగా సర్దుకోవడానికి పది రోజులు పట్టింది. ఆ తర్వాత పెరుగు. అవ్వే పెట్టాలని పాప పట్టుబట్టింది. రోజూ సాయంత్రం రెండు చెంచాలు, ఫ్రిజ్ మీద గడులు నింపుతూ పద్నాలుగు రోజులు చూశాం. ఏమీ కాలేదు. ఒక్కసారి కూడా కాలు నాకలేదు. తర్వాత గోధుమ, రోజూ చిన్న చపాతీ ముక్క, దానికీ ఏం కాలేదు.

పెరుగుకి పద్నాలుగో గడి నింపిన రోజు అవ్వ ఒక్కటే మాట అంది. "నా పెరుగు ఏం చేసింది రా దాన్ని?" నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయింది అవ్వా అన్నాను. ఇది రివ్యూలో రాయాల్సిన సంగతో కాదో తెలియదు కానీ, ఊహించి ఒక తిండి మీద, ఒక మనిషి మీద నింద వెయ్యడం ఎంత తప్పో నాకు ఈ పరీక్షే చూపించింది కాబట్టి రాస్తున్నా.

ఎందుకు పెరుగుని అనుమానించామంటే లెక్కలు అలాగే ఉన్నాయి. 2016లో అచ్చయిన ఒక పరిశీలనలో తిండి అలర్జీ ఉన్న 297 కుక్కల వివరాలు కలిపి చూస్తే 34 శాతానికి బీఫ్, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడి, 13 శాతానికి గోధుమ పడలేదని తేలింది. బీఫ్ మా ఇంట్లోకి రాదు, కాబట్టి తర్వాతి పేరు పాలు, అందుకే అవ్వ దొరికింది. కానీ ఆ లెక్క వేరే వేరే దేశాల కుక్కలది, అవి ఏది ఎక్కువ తింటాయో అదే పైన ఉంటుంది. మన దగ్గర పుట్టిన మూడో నెల నుంచి కోడి కాళ్ళు, కోడి తలకాయలు, కోడి ఫుడ్, కోడి బిస్కెట్. కాబట్టి మన ఇళ్ళలో ఏది పడట్లేదో మన కుక్కనే అడగాలి. గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేనిది) అని రాసిన బస్తాల వెనక పరిగెత్తేవాళ్ళకి కూడా ఇదే చెప్తా, బియ్యం, గోధుమల కన్నా మాంసం వల్ల వచ్చే కేసులే ఎక్కువ.

ఇప్పుడు జున్ను తినేది చేపతో చేసిన మామూలు ఫుడ్, హైడ్రోలైజ్డ్ దానిలో సగం ధర కన్నా తక్కువ. అది ఎంచుకోవడానికి ఏడు బస్తాల వెనక చదివాను, ముందు వైపు చేప బొమ్మ ఉన్న వాటిలో నాలుగు బస్తాల్లో చికెన్ ఫ్యాటో, పౌల్ట్రీ మీలో ఏదో ఒకటి ఉంది. గుడ్డు ఇంకా పెట్టి చూడలేదు, దసరా అయ్యాక చూస్తాం. చెవులు ఇప్పటికీ వారానికోసారి తుడుస్తున్నాం. వాన పడి తేమ ఎక్కువైన రోజుల్లో ఒక్కోసారి కాలు నాకుతుంది, కాని గంటల తరబడి కాదు, పిలిస్తే ఆపేస్తుంది.

ఫుడ్‌కి అయిదుకి నాలుగు ఇస్తా. పని చేసింది, చెప్పిన పని పూర్తిగా చేసింది. ఒకటి తగ్గించింది ధర వల్ల, ఇంకా చిన్న ప్యాకింగ్ మన దగ్గర సులభంగా దొరకనందువల్ల. బస్తా విప్పాక డబ్బాలో పోయకుండా బస్తాతోనే డబ్బాలో పెట్టి మూత బిగించండి, మన వేడికి నూనె త్వరగా ముక్కిన వాసన వస్తుంది. పరీక్ష మొదలుపెట్టేముందు కేలండర్ చూసుకుని ఇంట్లో పెళ్ళి, జాతర, చుట్టాల రాక లేని రెండు నెలలు చూసుకోండి, అలాంటి రెండు నెలలు తిరుపతిలో దొరకడం కష్టమే, అయినా చూసుకోండి. ఇంట్లో వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి, పనమ్మాయికీ, పక్కింటి పిల్లలకీ కూడా.

సాయంత్రం ఆరున్నరకి అవ్వ పెరుగన్నం గిన్నె పట్టుకుని వరండాలో కూర్చుంటుంది. తాలింపు, ఉల్లిపాయ, ఉప్పు లేకుండా జున్ను వాటా వేరే గిన్నెలో, నాలుగు ముద్దలు, లెక్క పెట్టి.